హెరాల్డ్‌కు అసలు ఆల్టర్నేటర్ ఏది?

మా పెదనాన్నకు 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉంది. డిజైన్ బ్రిటన్‌ది, మద్రాసు శివార్లలోని వండలూరులో తయారైన బండి. పశ్చిమ మాంబళం ఇంట్లో ఏళ్ల తరబడి గుడ్డ కప్పుకుని పడి ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కిద్దామని బానెట్ ఎత్తి చూస్తే మారుతి 800 ఆల్టర్నేటర్ కనిపించింది. ఇంజను తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం అది. ఎవరు బిగించారో ఆయనకే గుర్తు లేదు. అది తీసేసి, బండితో పాటు వచ్చిన అసలు ఆల్టర్నేటర్‌నే వెతికి పెట్టాలనుకున్నాను. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దుకాణం తర్వాత దుకాణం తిరిగాను. చివరికి పుదుపేటలో ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్, మన నెల్లూరు వైపు ఆయనే, ఒక్క మాటలో తేల్చేశారు: "ఆ బండికి ఆల్టర్నేటర్ ఎక్కడిది బాబూ, డైనమో కదా!"

పాత కార్లు బాగుచేయించే చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఏ ఆల్టర్నేటర్ అని అడిగే ముందు, ఆ ఏడాది బండికి ఆల్టర్నేటర్ ఉందా అని అడగాలి.

డైనమో చేసేదీ అదే పని, కానీ పాత పద్ధతిలో. అందులో కరెంటు పుట్టేది ఆర్మేచర్‌లో, అంటే తిరిగే తీగ చుట్టలో. ఆ కరెంటంతా దాని చివరనున్న కమ్యుటేటర్ అనే రాగి పట్టీల ఉంగరం మీద రుద్దుకునే కార్బన్ బ్రష్‌ల గుండానే బయటికి రావాలి. అందుకే దాన్ని మరీ వేగంగా తిప్పలేరు. ఇంజను నెమ్మదిగా ఉంటే చార్జింగ్ దాదాపు ఉండదు. ఆ కాలపు చిన్న బ్రిటిష్ కార్లలో ఎక్కువగా కనిపించే, బ్రిటిష్ కంపెనీ లూకాస్ చేసిన సీ40/1 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లే. వానలో హెడ్‌లైట్లు, వైపరు వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే దీపాలు మసకబారేది ఇందుకే. ఆల్టర్నేటర్ ఈ ఏర్పాటును తిరగేసింది. కరెంటు పుట్టే చుట్టలు కదలకుండా ఉంటాయి, తిరిగేది అయస్కాంతం. బ్రష్‌ల గుండా పోయేది ఆ అయస్కాంతానికి కావలసిన కొద్దిపాటి కరెంటే. పుట్టేది ఏసీ కాబట్టి బ్యాటరీకి పంపేముందు డీసీగా మార్చాలి. బానెట్ కింద వేడికి తట్టుకునే చవకైన సిలికాన్ డయోడ్లు వచ్చాకే అది కార్లలో సాధ్యమైంది. 1960లో క్రైస్లర్ వాలియంట్‌తో అమెరికాలో ఆల్టర్నేటర్లు మామూలు కార్లలోకి దిగాయి. బ్రిటన్‌లో ఇంకొంత ఆలస్యం. 1967 చివర్లో వచ్చిన స్పోర్ట్స్ కారు ఎంజీబీ మార్క్ 2లో డైనమో పోయి లూకాస్ 16ఏసీ ఆల్టర్నేటర్ వచ్చింది. వోల్టేజీని అదుపులో ఉంచే దాని రెగ్యులేటర్ విడిగా ఉండేది. తర్వాత వచ్చిన 16ఏసీఆర్‌లో అది లోపలికే చేరింది. చివరి ఆర్ అక్షరం చెప్పేది అదే. ఆ ఒక్క అక్షరం చూడకుండా కొనేసి, తర్వాత వైరింగ్ కలవక తిప్పలు పడినవాళ్లు నాకు తెలుసు.

మన దగ్గర కథకు ఇంకో మలుపు ఉంది. హెరాల్డ్ ఇక్కడ 1961లో మొదలైంది. లూకాస్, టీవీఎస్ కలిసి మద్రాసు పాడిలో కార్ఖానా పెట్టిందీ దాదాపు అప్పుడే. కార్లలో స్వదేశీ భాగాలు ఏటేటా పెరుగుతూ పోయాయి. కాబట్టి మన హెరాల్డ్‌కు ఇంగ్లండ్ నుంచి తెప్పించిన లూకాస్ డైనమో పెట్టి "ఒరిజినల్" అనుకోవడం చాలాసార్లు పొరపాటే. పాడి ముద్ర ఉన్నది చవకబారుదన్న చిన్నచూపు మనవాళ్లలో ఇంకా ఉంది. నాకు అది కష్టంగా అనిపిస్తుంది. ఆ ముద్రే ఈ బండి చరిత్ర.

ఇక గుర్తుపట్టడం. లూకాస్ వస్తువుల ఒంటి మీద మోడల్, పార్ట్ నంబరు, తయారీ వారం, సంవత్సరం గుద్ది ఉంటాయి. 25 72 అంటే 1972లో 25వ వారం. ఆ తేదీ కారు తయారైన తేదీకి కొన్ని నెలలు ముందుండాలి, తర్వాతిదైతే అది కారుతో పుట్టింది కాదు. జర్మన్ కంపెనీ బాష్ ఆల్టర్నేటర్ల ప్లేటు ఇంకా వివరంగా మాట్లాడుతుంది: 14వీ 35ఏ 20 అని ఉంటే 14 వోల్టులు, గరిష్ఠంగా 35 ఆంపియర్లు, నిమిషానికి 2000 సార్లు తిరిగే వేగం దగ్గర ఆ 35లో మూడింట రెండు వంతులు. అయితే ప్లేటునే నమ్మి కూర్చోకూడదు. రిపేరు షాపుల్లో ఒక దాని ముందు మూత, ఇంకో దాని స్టేటర్ (కదలని చుట్టల భాగం) కలిపి బిగించినవి ఎన్నో తిరుగుతున్నాయి. బ్రాకెట్ చెవి ఏ పక్కన ఉంది, పుల్లీ వెడల్పెంత, ఫ్యాన్ రెక్కలు ఎటు వంగాయి అన్నవీ చూడాలి.

ఎర్త్ సంగతి, అంటే బ్యాటరీ ఏ కొసను కారు బాడీకి కలిపారన్నది, మరీ ముఖ్యం. పాత బ్రిటిష్ బళ్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. అలాంటి బండికి నెగటివ్ ఎర్త్ ఆల్టర్నేటర్ తగిలిస్తే డయోడ్లు క్షణంలో మాడిపోతాయి.

2021 నాటి కేంద్ర నిబంధనలు 50 ఏళ్లు దాటిన బళ్లకు వింటేజ్ బళ్లుగా 'వీఏ' నంబరు ఇస్తాయి. అవి పట్టించుకునే పెద్ద మార్పులు ఛాసీ, బాడీ, ఇంజనులవి. ఆల్టర్నేటర్ వల్ల రిజిస్ట్రేషన్ ఆగదు. బానెట్ ఎత్తి మార్కులు వేసే పోటీల్లో మాత్రం అది కనిపిస్తుంది.

పుదుపేట పెద్దాయనే రెండు నెలలకు ఒక డైనమో వెతికి పెట్టారు. ఆర్మేచర్ రీవైండింగ్ చేయించి, బ్రష్‌లు మార్చి, చార్జింగ్‌ను అదుపు చేసే కటౌట్ పెట్టెతో సహా బిగించారు. పక్కన మసి తుడిస్తే లూకాస్ టీవీఎస్ అన్న అక్షరాలు, కింద 1966 తొలి నెలల వారం అంకె బయటపడ్డాయి. పెదనాన్న కళ్లద్దాలు పెట్టుకుని ఆ అంకెను వేలితో తడిమి చూసుకున్నారు.