పన్ను సలపనప్పుడే వెళ్ళాలి

రాత్రి పదకొండింటికి దవడ పన్ను సలపడం మొదలవుతుంది. ఒక లవంగం నమిలి పంటికింద అదుముకుంటారు, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారు, తెల్లారగానే మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుంటారు. నాలుగో రోజుకు నొప్పి పోతుంది. 'తగ్గింది లే' అనుకుని మళ్ళీ వేయించిన బుడ్డలు నమలడం మొదలుపెడతారు, కాకపోతే రెండో వైపు. కడపలోనైనా అనంతపురంలోనైనా ఇలా ఏళ్ళ తరబడి ఒకే దవడతో నెట్టుకొచ్చే పెద్దవాళ్ళు తెలిసినవాళ్ళలో ఒకరైనా ఉంటారు. ఎందుకు చూపించుకోలేదంటే తీరిక లేదంటారు, డబ్బులంటారు. ఓపిగ్గా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. భయం.

నొప్పి అలా ఉన్నట్టుండి పోవడం చాలాసార్లు పన్ను బాగైనందుకు కాదు, లోపలి నరం చచ్చిపోయినందుకు. చచ్చిన నరంలో చేరిన సూక్ష్మజీవులు వేరు కొస దాటి ఎముకలోకి దిగుతాయి. వారాలకో నెలలకో చెంప ఉబ్బుతుంది. అప్పుడు తప్పక డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆ రోజు మత్తు సూది సరిగ్గా పట్టదు.

ఎందుకు పట్టదో తెలిస్తే ఈ భయం సగం అర్థమవుతుంది. పళ్ళ డాక్టర్లు ఎక్కువగా వాడేది 2 శాతం లిగ్నోకెయిన్ అనే మత్తు మందు. అందులో 80,000 వంతుల్లో ఒక వంతు అడ్రినలిన్ కలిపి ఉంటుంది. లిగ్నోకెయిన్ అణువులు ఒంట్లో రెండు రూపాల్లో ఉంటాయి, విద్యుదావేశం ఉన్నవి, లేనివి. నరం పొర దాటి లోపలికి పోగలిగేవి ఆవేశం లేనివే. ఆరోగ్యంగా ఉన్న చిగురులో పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7.4 ఉంటుంది కాబట్టి దాదాపు నాలుగో వంతు అణువులు ఆ రూపంలో ఉంటాయి. వాచి చీము పట్టిన చోట ఆమ్లత్వం పెరుగుతుంది. పీహెచ్ 6.5కు దిగితే ఆ వాటా వందకు నాలుగుకు పడిపోతుంది. అదే మందు, అదే మోతాదు, అదే చెయ్యి, కానీ నరం దాకా చేరేది బొటాబొటి. పైగా వాపులో ఉన్న నరం చిన్న తాకిడికే అదిరిపడుతుంది. నొప్పి తెలుస్తుంది. 'నేను అనుకున్నట్టే అయింది' అని ఆ మనిషి మరో పదేళ్ళు ఆ గుమ్మం తొక్కరు. భయం వల్ల వాయిదా, వాయిదా వల్ల ముదిరిన పన్ను, ముదిరిన పంటి వల్ల నొప్పి, నొప్పి వల్ల మళ్ళీ భయం. ఈ చక్రాన్ని స్వీడన్‌లో ఉల్ఫ్ బెర్గ్రెన్ అనే పరిశోధకుడు 1984లోనే వివరించారు. ఇది తెగేది ఒకే చోట. పన్ను సలపనప్పుడు వెళ్ళాలి.

ముందు మీ భయం ఎంతో కొలుచుకోండి. పరిశోధకుడు జెరాల్డ్ హంఫ్రిస్, ఆయన సహచరులు 1995లో రూపొందించిన కొలమానంలో ఐదే ప్రశ్నలు. రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే, బయట బెంచీ మీద మీ వంతుకోసం కూర్చుంటే, పంటిని డ్రిల్ చేయబోతుంటే, గార తీయబోతుంటే, పై దవడ పంటి చిగురుకు మత్తు సూది వేయబోతుంటే మీకెలా ఉంటుంది? భయం అసలు లేకపోతే 1, కొంచెం ఉంటే 2, బాగానే ఉంటే 3, చాలా ఉంటే 4, భరించలేనంత ఉంటే 5. మొత్తం 19 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అది తీవ్రమైన భయం. అలాంటివాళ్ళు 'ధైర్యం తెచ్చుకో' అనే మాటతో బాగుపడరు. ఆ మాట అనడం మానేస్తే మేలు.

మెట్టుమెట్టుగా అలవాటు చేసుకోవడం పనిచేస్తుంది, అది ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పడక్కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, ముక్కుతో గాలి పీలుస్తూ రెండు నిమిషాలు ఉండండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. మర్నాడు స్టీలు స్పూను కాడతో ముందుపళ్ళ నుంచి వెనక్కి ఒక్కో పన్నూ తాకండి. ఆ తర్వాత డ్రిల్ చప్పుడు ఫోన్లో చిన్నగా పెట్టుకుని, రోజురోజుకూ శబ్దం పెంచండి. ఆ సన్నటి కూత చిన్న టర్బైనుది. గాలి ఒత్తిడితో నిమిషానికి 3 లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. కూత ఎంత భయపెట్టినా అంత వేగంగా తిరగడం రోగికి మేలే, నిదానంగా తిరిగే పాత డ్రిల్లు పుర్రె అంతా అదిరేలా కుదిపేది.

వాసన కూడా ఉంది. ఆస్పత్రి తలుపు తీయగానే గుండె ఝల్లుమనిపించే ఆ ఘాటు చాలామటుకు యూజినాల్‌ది, తాత్కాలిక సిమెంటులో కలిపే నూనె. మన పోపుల డబ్బాలో ఉన్న లవంగంలో ఉండేది కూడా అదే. రెండు లవంగాలు నలిపి, కళ్ళు మూసుకుని, ఆ కుర్చీని తలచుకుంటూ వాసన చూడండి. భయానికి పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. ఎనిమిది ఉంటే నాలుగుకు దిగేదాకా లేవొద్దు. ఎనిమిది దగ్గరే లేచిపోతే 'పారిపోయాను కాబట్టి బతికాను' అని మెదడు రాసుకుంటుంది. కూర్చుని ఉండగా భయం దానంతటదే దిగడం చూస్తేనే పాత లెక్క మారుతుంది. ఒక్కోసారి అరగంట పడుతుంది, పట్టనివ్వండి.

మొదటిసారి వెళ్ళినప్పుడు పని చేయించుకోవద్దు. మాట్లాడి, కుర్చీలో కూర్చుని, అద్దం పెట్టి చూడనిచ్చి వచ్చేయండి. రెండోసారి ఎక్స్‌రే, నాలుగు పళ్ళకు గార తీయడం. మూడోసారి ఒక చిన్న పుప్పికి సిమెంటు. పీకడమూ రూట్ కెనాలూ ఆ తర్వాతే. ఈ వరస చెంప ఉబ్బి జ్వరం వచ్చినవాళ్ళకూ, నోరు తెరవలేనివాళ్ళకూ, మింగలేనివాళ్ళకూ వర్తించదు. వాళ్ళు ఆ రోజే వెళ్ళాలి. మిగతావాళ్ళు కుర్చీ ఎక్కకముందే ఒక మాట చెప్పాలి: "సార్, నాకు పంటి పనంటే శానా భయం. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపండి." మొదట్లో ఒకసారి ఊరికే ఎత్తి చూడండి. నిజంగా ఆపుతారని తెలిసినవాళ్ళకు చెయ్యి ఎత్తే అవసరం తక్కువ పడుతుంది. ఆపను అనే డాక్టరైతే ఇంకొకరిని చూసుకోండి.

ఇక సూది. చిగురును దూదితో తుడిచి, తడి లేకుండా చేసి, మొద్దుబార్చే జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. తడి మీద రాసినా, రాసిన వెంటనే గుచ్చినా జెల్ వృథా. నొప్పిలో ఎక్కువ భాగం సూది మొనది కాదు, మందును గబుక్కున తోయడం వల్ల కణజాలం సాగుతుంది, ఆ సాగుడుది. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున తోస్తే భరించలేనిదేమీ ఉండదు. అంగిటి మీద మాత్రం చర్మం ఎముకకు బిగుతుగా అతుక్కుని ఉంటుంది కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువే తెలుస్తుంది. అది ముందే తెలిసి ఉండటం మంచిది. పై పళ్ళకు మత్తు ఐదు నిమిషాల్లోపే ఎక్కుతుంది. కింది దవడ పళ్ళకు పది నిమిషాలైనా ఆగాలి. తొందరపడి ఐదో నిమిషంలో డ్రిల్ పెట్టడం వల్లే చాలామందికి 'మత్తు నాకు పనిచేయదు' అనే నమ్మకం పడింది. పెదవి లావెక్కినట్టు అనిపించడం చాలదు, ఆ పంటికి చల్లటిది తగిలించి చూడమని అడగండి. జివ్వుమంటే ఇంకొంచెం మందు వేయాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా నొక్కుడు తెలుస్తుంది. నొప్పిని మోసే నరాల పోగులు సన్ననివి, అవి ముందుగా మొద్దుబారతాయి. ఒత్తిడినీ తాకిడినీ మోసే లావు పోగులు మెలకువగానే ఉంటాయి. పన్ను పీకేటప్పుడు కటకటమనే చప్పుడు, దవడను గట్టిగా తోస్తున్న బరువు తెలియడం మామూలే. పదునైన పోటు వస్తేనే చెయ్యి ఎత్తండి.

సూది పడ్డాక రెండు నిమిషాలు గుండె దడదడలాడవచ్చు. అది అడ్రినలిన్ పని, దానంతటదే సర్దుకుంటుంది. ఈ దడ చూసే 'ఆ సూది నాకు పడదు' అనేవాళ్ళున్నారు. లిగ్నోకెయిన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. అప్పుడు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పండి, గుండెజబ్బు, బీపీ ఉంటే అదీ చెప్పండి. రోజూ వేసుకునే మాత్రలు మానొద్దు.

సూదిని చూడగానే కళ్ళు తిరిగే మనుషులు వేరే కోవ. వాళ్ళకు భయం మొదట గుండెను పరిగెత్తించి, వెంటనే రక్తపోటును పడేస్తుంది. వాళ్ళు ఒళ్ళు వదులు చేసుకోకూడదు, బిగించాలి. చేతులూ కాళ్ళూ పొట్టా 10-15 సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా బిగబట్టి, అరనిమిషం వదిలి, మళ్ళీ, ఐదుసార్లు. పళ్ళ పనికి పరగడుపున వెళ్ళాలనే అపోహ కూడా ఇలా పడిపోవడానికి ఒక కారణం. మామూలు మత్తు సూదికి ఉపవాసం అక్కర్లేదు. గంటన్నర ముందు తినండి, నీళ్ళు తాగండి. మే నెలలో కడప ఎండకు మధ్యాహ్నం పూట ఆటోలో వెళ్ళి వడలిపోయి కూర్చోవద్దు, పొద్దున మొదటి పేరుగానే రాయించుకోండి. అలా వెళ్తే బయట కూర్చుని లోపలి చప్పుళ్ళు వినే బాధా తప్పుతుంది.

పై పన్ను పీకితే చూపు పోతుందని పల్లెల్లో ఇప్పటికీ అంటారు. పై పళ్ళకు వచ్చే నరం వేరు, చూపు మోసే నరం వేరు, ఒకదాన్ని తాకితే రెండోది చెడదు. గార తీస్తే పళ్ళు కదులుతాయంటారు. గార పళ్ళను కట్టిపట్టుకుని ఉంటుంది, కింద ఎముక అప్పటికే కరిగి ఉంటుంది. తీశాక కనిపించేది ఆ పాత నష్టమే.

అనంతపురం జిల్లా ఫ్లోరైడ్ బోరునీళ్ళు తాగి పెరిగినవాళ్ళది ఇంకో రకం జంకు. నోరు తెరిస్తే గోధుమరంగు మరకలు చూసి డాక్టరు తిడతారేమోనని. ఆ మరకలు బ్రష్ చేయనందుకు వచ్చినవి కావు. చిన్నప్పుడు, సుమారు ఎనిమిదేళ్ళలోపు, చిగురులోపల ఎనామెల్ (పంటి గట్టి పైపొర) తయారవుతున్నప్పుడే పడినవి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ సంగతి ఈ ప్రాంతంలో పనిచేసే డాక్టర్లందరికీ తెలుసు.

ఖర్చు భయమైతే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కళాశాలల్లో పని విద్యార్థులు చేస్తారు, పైన అధ్యాపకులు చూస్తారు, సమయం ఎక్కువ పడుతుంది. భయస్తులకు ఆ నిదానం కలిసొస్తుంది. ఆ ఐదు ప్రశ్నల్లో 19 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్ళు ఆందోళన తగ్గించే మాత్ర గురించి డాక్టరును అడగవచ్చు, సొంతంగా కొని వేసుకోకూడదు. మాత్ర వేసుకున్న రోజు బండి నడపకూడదు, తోడు ఒకరుండాలి.

పని అయ్యాక పెదవి మొద్దు మూడు నుంచి ఐదు గంటలుంటుంది. అంతవరకు వేడి కాఫీ, సంగటి ముద్ద వద్దు. చెంప కొరుక్కున్నా, నోరు కాలినా తెలియదు. పన్ను పీకించుకుంటే దూది అరగంటకు తగ్గకుండా కొరికి ఉంచి, ఆ రోజంతా ఉమ్మకుండా, పుక్కిలించకుండా ఉండాలి. లేచి వచ్చే ముందే తర్వాతి తారీఖు చీటీ మీద రాయించుకోండి. ఏ బాధా లేకుండా నాలుగైదుసార్లు ఆ కుర్చీలో కూర్చుని లేచినవాళ్ళకు ఎప్పుడైనా ఒకసారి నొప్పి తగిలినా భయం అంత సులువుగా పాతుకోదు. ఆ నాలుగైదుసార్లూ పన్ను బాగున్న రోజుల్లోనే పూర్తిచేసుకోవాలి.