నాయన పోయాక తెలిసిన అక్క: అపోహలు, వాస్తవాలు

కావలిలో సివిల్ కేసులు చూసే అడ్వకేట్‌ని. పెద్దకర్మ అయిన వారం పది రోజులకు అన్నాచెల్లెళ్లు వచ్చి కూర్చుంటారు. గుమస్తా బయటికి పోయిందాకా ఆగి, మెల్లగా చెప్తారు: "మేడమ్, మా నాయనకు ఇంకో కూతురు ఉందంట." ఆయన మీద కోపం వస్తుంది, ఆయనేమో లేడు. దాంతో ఆ కోపమంతా ముఖం కూడా చూడని ఆ ఆడబిడ్డ మీదికి మళ్లుతుంది. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. ఇక్కడ రాసేది హిందూ కుటుంబాల్లో వీలునామా లేకుండా తండ్రి పోయినప్పటి సంగతి.

అపోహ: రెండో పెళ్లి చెల్లదు, కాబట్టి ఆ బిడ్డకు ఏమీ రాదు.

మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో ఆమెకు భార్యగా వారసత్వం రాని మాట నిజమే. ఆమె బిడ్డ సంగతి వేరు. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ సక్రమ సంతానమే. తండ్రి స్వార్జితంలో మీతో సమానంగా వాటా వస్తుంది. తల్లి వేరు కాబట్టి సగమే అనే మాట చట్టంలో లేదు. అయితే ఏదో ఒక పెళ్లి తంతు జరిగి ఉండాలి. అది కూడా లేకపోతే 16వ సెక్షన్ వర్తించడం కష్టం.

పిత్రార్జితం, అంటే తాతల నుంచి వచ్చిన ఆస్తి, లెక్క 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు రేవణసిద్దప్ప కేసులో తేల్చింది. ఆరెకరాల పిత్రార్జితం ఉందనుకోండి. తండ్రి, కొడుకు, కూతురు తలా రెండెకరాలకు హక్కుదారులు. తండ్రి వాటా రెండెకరాలను మీ అమ్మ, అన్న, మీరు, ఆమె నలుగురూ పంచుకోవాలి. ఆమెకు వచ్చేది 50 సెంట్లు. మీ సొంత వాటాలో ఆమెకు హక్కు లేదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామందికి టెన్షన్ సగం తగ్గుతుంది.

అపోహ: ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆమె పేరు లేకుండా చూసుకుంటే చాలు.

తహసీల్దారు ఇచ్చే ఆ కాగితం ఆస్తి హక్కును తేల్చదు. ఆమెను వదిలేసి రాసుకున్న భాగపంపకాలకు ఆమె కట్టుబడాల్సిన పని లేదు. మీరు రొయ్యల గుంట అమ్మేశాక ఆమె దావా వేస్తే, కొన్నవాళ్లు కూడా కోర్టు మెట్లు ఎక్కాలి. తెలిసీ పేరు దాచమని అడిగేవాళ్ల ఫైలు నేను ముట్టుకోను. బ్యాంకు నామినీ సంగతీ ఇంతే. నామినీ డబ్బు తీసుకోవచ్చు, వారసుల వాటా అలాగే ఉంటుంది.

అపోహ: డీఎన్‌ఏ పరీక్ష అడిగితే ఆమే తప్పుకుంటుంది.

అడిగిన వెంటనే కోర్టు ఆ పరీక్షకు ఆదేశించదు. 1993లో గౌతమ్ కుందు కేసు నుంచి సుప్రీంకోర్టు చెప్తున్నది అదే. ముందు బడి రికార్డు, రేషన్ కార్డు, తండ్రి సర్వీసు రిజిస్టరు చూస్తారు.

అపోహ: బయటపడిన ఆమే రెండో కాపురం బిడ్డ.

ఉదయగిరి వైపు మెట్ట ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చింది. "ఆమెకేం హక్కుంది?" అని కొడుకు గట్టిగానే అడిగాడు. తేదీలు రాసుకుంటూ పోతే, ఆమె తల్లితోనే మొదటి పెళ్లి జరిగిందని తేలింది. ఊరి పెద్దమనుషుల దగ్గర విడిపోతున్నట్టు కాగితం రాసుకుని, వాళ్ల నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అలాంటి కాగితం విడాకులు కావాలంటే, ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువు చేయాలి. చేయలేకపోతే మొదటి పెళ్లి నిలిచే ఉంటుంది. అప్పుడు పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు ఆమెది. 16వ సెక్షన్ మీద ఆధారపడాల్సింది వీళ్లు.

ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. వాళ్లమ్మే, "ఆ పిల్లకు ఫోన్ చెయ్యి నాయనా" అంది. కేసు కోర్టుకు పోలేదు, అందరూ కలిసి దస్తావేజు రాసుకున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు అయ్యాక, నాయన సంవత్సరీకం ఏ తిథికి వస్తుందని ఆమె తమ్ముణ్ణి అడిగింది.