మంత్రగాడు లేని కథలో "విజార్డ్"

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగినదానికి సగమే చెప్పగలిగాను, ఇంతలో బస్సు వచ్చేసింది. ఇంగ్లండ్ హాస్టల్ పిల్లల కథ ఏదో పాతది చదువుతున్నాడట, అందులో ఒకడు కేకు చూడగానే "విజార్డ్!" అని అరిచాడట, కథంతా వెతికినా మంత్రగాడెవరూ లేడు, మరి ఎందుకలా అన్నాడు తాతయ్యా అని అడిగాడు. మంచి ప్రశ్న, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

వాడు అన్నది "అదిరింది" అని. 1930లు, 40లలో అక్కడి స్కూలు పిల్లలకి నచ్చిందల్లా విజార్డే. యుద్ధం రోజుల్లో బ్రిటిష్ వైమానిక దళం కుర్రాళ్ళ నోట కూడా అదే మాట, ఇక పైలట్లంటే ప్రాణం పెట్టే పిల్లలు ఊరుకుంటారా? "ఏస్" కూడా విమానాల మీదుగా వచ్చిన మాటే. పేకలో ఆసును ఇంగ్లీషులో ఏస్ అంటారు కదా, మొదటి ప్రపంచయుద్ధంలో 5 శత్రు విమానాలు కూల్చిన పైలట్‌కి ఆ పేరు పెట్టారు, తర్వాత ఏ పనిలోనైనా దిట్ట అయినవాడు ఏస్ అయ్యాడు, చివరికి ఐస్‌క్రీమ్ బాగున్నా ఏసే.

1984లో నేను మాంచెస్టర్‌లో ఉన్నప్పుడు మీ అమ్మమ్మ ఒక ఆదివారం గారెలు చేసి పక్కింటికి పంపింది. ఆ ఇంటి ముసలావిడ ఒకటి తిని "స్మాషింగ్" అంది, ఆవిడ కూతురు "ఫ్యాబ్" అంది, పదేళ్ళ మనవడు మూడోది చేతిలోకి తీసుకుంటూ "ఏస్!" అన్నాడు. అవే గారెలు, అదే మెచ్చుకోలు, కానీ ఎవరి చిన్నప్పటి మాట వాళ్ళది. ఆ రోజు నుంచే నాకు ఈ మాటలంటే ఇష్టం పట్టుకుంది.

స్మాష్ అంటే పగలగొట్టడం. అంతకన్నా ముందు, వందేళ్ళ కిందట, పెద్దింటి పిల్లలు "రిప్పింగ్" అనేవాళ్ళు, రిప్ అంటే చించడం. ఇప్పుడు మీరేమంటున్నారో చూసుకోండి: చించేశాడు, ఇరగదీశాడు. వాళ్ళని చూసి మనం నేర్చుకున్నది కాదు, మనల్ని చూసి వాళ్ళూ నేర్చుకోలేదు, సంతోషం పట్టలేనప్పుడు ఏదో ఒకటి విరిగినట్టు చెబితే తప్ప మనిషికి తృప్తి ఉండదేమో అనిపిస్తుంది నాకు. స్మాషింగ్ స్కాట్లండ్ గేలిక్ భాషలోంచి వచ్చిందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది, వినడానికి బాగుంటుంది కానీ నమ్మకండి, స్మాష్‌లోంచి తిన్నగా పుట్టిన మాటే అది.

1980లలో పిల్లలు "వికెడ్" అనడం మొదలుపెట్టారు. దుర్మార్గం అనే మాటతో మెచ్చుకోవడమేమిటని పెద్దవాళ్ళకి అర్థం కాలేదు. మన హైదరాబాద్ వాళ్ళని అడిగి ఉంటే చెప్పేవాళ్ళు, ఖతర్నాక్ అంటే ప్రమాదకరం అనే కదా అసలు అర్థం!

ఫ్యాబ్ అంటే ఫ్యాబ్యులస్‌ని కత్తిరించిన ముక్క. 1963, 64లలో బీటిల్స్ అనే లివర్‌పూల్ పాటల బృందం గాలి వీచినప్పుడు ఊరూరా పాకింది, ఆ నలుగురికీ ఫ్యాబ్ ఫోర్ అన్న పేరే స్థిరపడిపోయింది. వాళ్ళతోపాటే "గేర్" అనే మాట కూడా లివర్‌పూల్ నుంచి దేశమంతా తిరిగింది, "గేర్" అన్నా సూపర్ అనే. నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఒకటుంది. అంతకుముందు టాపింగ్, స్పిఫింగ్ లాంటి మాటలు డబ్బున్నవాళ్ళ స్కూళ్ళ నుంచి కిందికి దిగేవి, ఈసారి లివర్‌పూల్ లాంటి రేవు పట్నంలో కూలీనాలీ చేసుకునే ఇళ్ళ పిల్లల మాట లండన్ పిల్లలు నేర్చుకున్నారు. అది చిన్న సంగతి కాదు.

"కుష్టీ" అని ఇంకోటి ఉంది. 1981లో బీబీసీలో మొదలైన ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్ అనే హాస్య సీరియల్‌లో డెల్ బాయ్ అనే లండన్ చిల్లర వ్యాపారి మాటిమాటికీ అనేవాడు. అది రోమానీ భాషది, మంచిది అని అర్థం. ఆ రోమా జనం పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కిందట మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే.

ఇక "పక్కా". అవును, మన పక్కాయే. సంస్కృతంలో పక్వం, అంటే పండింది, ఉడికింది. హిందీలో పక్కా అయింది, మన దగ్గర పక్కా ఇల్లు, పక్కా లెక్క అయింది. కంపెనీ రోజుల్లో ఇక్కడున్న తెల్లవాళ్ళు నేర్చుకుని పట్టుకెళ్ళారు, 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో కూడా ఉంది. అక్కడ మొదట అసలైనది అని, తర్వాత భేషైనది అని అర్థం కుదిరింది. 1999లో జేమీ ఆలివర్ అనే కుర్ర వంటవాడు టీవీలో వండినదల్లా పక్కా అంటుంటే దేశమంతా అనుకరించింది, అంతలా వాడేసరికి కొన్నాళ్ళకే పాతబడింది కూడా. వంటింట్లో పుట్టిన మాట అంత దూరం తిరిగి మళ్ళీ వంటింటికే చేరిందని నాకెంత సంబరమో!

పెద్దమ్మాయి వచ్చే సెప్టెంబర్‌లో అక్కడికి చదువుకి వెళ్తోంది కాబట్టి ఒక మాట. బ్రిల్ అంటే నవ్వుతారు, అది మా రోజులది, కానీ నిండుగా "బ్రిలియంట్" అంటే ఇప్పటికీ అందరూ అనేదే. కొన్ని మాటలు ప్రాంతాన్ని పట్టి ఉంటాయి, సౌత్ వేల్స్‌లో బాగుందనడానికి లష్ అంటారు, ఉత్తరాదిన మింట్ అంటారు. వెళ్ళాక నీ చెవిన పడ్డవన్నీ ఎవరన్నారో, ఎంత వయసువాళ్ళో కూడా చేర్చి నాకు రాయి. చిన్నోడా, నువ్వూ మీ క్లాసువాళ్ళు బాగుందనడానికి ఏమేమంటున్నారో ఈ నెలలోనే ఒక కాగితం మీద తేదీ వేసి రాసి పెట్టు. "అరాచకం" అని నీ నోటి నుంచే విన్నాను, దానితో మొదలుపెట్టు.

మీ తాతయ్య