సిరోంచ గొర్రెల దగ్గు: టీకా తగాదా వెనుక ఉన్నదేమిటి?

ముసురు పట్టిందంటే మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దునున్న గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు పాత తగాదా మళ్ళీ రాజుకుంటుంది. గొంతువాపు టీకా వేశాం కదా అంటారు పశువైద్య సిబ్బంది. వేసినా జీవాలు చస్తున్నాయి, టీకాయే నాసిరకం అంటారు కొందరు యజమానులు. కాపరుల మాట వేరు: అంగడిలో కొన్న జీవాలు మందలో కలిసిన కొన్నాళ్ళకు దగ్గు, చీమిడి మొదలవుతాయి; అప్పటికి ఏదీ చావదు; నాలుగు వానలకు తడిశాకే చావులు. ఈ మాటను చెవిన పెట్టినవారు తక్కువ.

ఆ మాటను అర్థం చేసుకోవడానికి ఒక అమెరికా ఉదాహరణ పనికొస్తుంది. అక్కడ అడవి బిగ్‌హార్న్ గొర్రెలు పెంపుడు గొర్రెలతో కలిసిన తరువాత న్యుమోనియాతో గుంపులుగా చనిపోయేవి. నింద చాలాకాలం మాన్‌హైమియా హీమోలిటికా అనే బ్యాక్టీరియా మీదే ఉండేది. 2010లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో నాలుగు బిగ్‌హార్న్‌ల ముక్కుల్లోకి మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే మరో బ్యాక్టీరియాను ఎక్కించారు. నాలుగూ జబ్బుపడ్డాయి, చచ్చింది ఒక్కటే. దాని గొంతులో మాన్‌హైమియా ముందునుంచే ఉంది. తక్కిన మూడింటికీ మాన్‌హైమియా ఎక్కించాక అయిదు రోజుల్లోపే పోయాయి. ప్రయోగం చిన్నదే. మాన్‌హైమియా ఒంటరిగానూ బిగ్‌హార్న్‌లను చంపగలదు, మన గొర్రెలు వాటికన్నా మొండివి కూడా. అయినా ఆ మొదటి చావులో, దగ్గు ముందు, చావు తరువాత అన్న కాపరుల మాటే కనిపిస్తుంది.

శ్వాసనాళంలోని సన్నని నూగు దుమ్మునూ క్రిములనూ పైకి తోసేస్తుంటుంది. మైకోప్లాస్మా ఆ నూగునే పాడుచేస్తుంది. గొంతులో ఊరకే పడి ఉన్న మాన్‌హైమియా అప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగి, తెల్లరక్తకణాలను చంపే విషం వదులుతుంది. గొంతువాపు టీకా తయారైంది మూడో క్రిమి పాశ్చురెల్లా మల్టోసిడా కోసం. కాబట్టి టీకా నాసిరకం కానక్కరలేదు, కాపరులు అబద్ధమాడనూ అక్కరలేదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో, ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ చొప్పున పంచినప్పుడు మహారాష్ట్రతో సహా పొరుగు రాష్ట్రాల్లో జీవాలను కొన్నారు. అవే జీవాలు మళ్ళీ చేతులు మారాయన్న ఆరోపణలు అప్పుడే వచ్చాయి. దగ్గు ఆ జీవాలను తెచ్చిన లారీల్లోనే వచ్చిందనడం తొందరపాటు. కానీ వేర్వేరు మందల జీవాలను కలిపి దూరం తిప్పితే దగ్గు పాకుతుంది.

తడి దొడ్లు, నట్టల మందు తాగించకపోవడం కారణమని సిబ్బంది అంటారు. అవీ కారణాలే. అయితే మైకోప్లాస్మా మామూలు కల్చరులో, అంటే ప్రయోగశాలలో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, పెరగదు. దాన్ని పట్టాలంటే జీవం ఇంకా దగ్గుతున్నప్పుడే ముక్కు స్రావం తీసి, క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్షకు పంపాలి.