పెద్దనాన్న బీపీ బిళ్ళ ఎందుకు మారింది?

పాతికేళ్ళుగా అటెనొలాల్ వేసుకుంటున్న మా పెద్దనాన్నకు ఈ మధ్య డాక్టర్ మందు మార్చారు. "బీపీ అదుపులోనే ఉంది కదా, మార్చడం ఎందుకు?" అని ఆయనకు ఒకటే టెన్షన్. ఆ బిళ్ళ కథ తెలిస్తే కారణం అర్థమవుతుంది.

అటెనొలాల్ బీటా బ్లాకర్లనే మందుల కోవలోది. ఇవి అసలు బీపీ కోసం పుట్టినవి కావు. గుండెను వేగంగా కొట్టించే అడ్రినలిన్ అనే హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు (కణాల మీది తలుపుల్లాంటివి) రెండు రకాలని 1948లో అమెరికాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ చెప్పి, వాటిని ఆల్ఫా, బీటా అన్నారు. అప్పట్లో ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ మాత్రం పట్టుకున్నారు. గుండెనొప్పితో బాధపడేవారి గుండెకు రక్తం ఎక్కువ పంపలేకపోతే, దాని పనైనా తగ్గించవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. అలా బీటా గ్రాహకాలను మూసే ప్రొప్రనొలాల్ 1960లలో వచ్చింది. 1988లో ఆయనకు నోబెల్ దక్కింది.

ఆ మందు వాడినవారిలో బీపీ కూడా దిగుతోందని 1964లో లండన్‌లో బ్రయాన్ ప్రిచార్డ్ గమనించారు. అప్పటి బీపీ మందులతో ఇబ్బందులు ఎక్కువ. మన సర్పగంధి నుంచి తీసిన రిసర్పిన్ కొందరిని డిప్రెషన్‌లోకి నెట్టేది. మరికొన్ని మందులతో లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. అందుకే 1970లలో రోజుకు ఒక్క బిళ్ళతో సరిపోయే అటెనొలాల్ రాగానే డాక్టర్లూ రోగులూ దానివైపు మొగ్గారు. అది న్యాయమే.

చిక్కు తర్వాత తేలింది. 2002లో వెలువడిన లైఫ్ అధ్యయనంలో 9 వేలకు పైగా రోగులున్నారు. లోసార్టన్ అనే మరో రకం బీపీ మందు, అటెనొలాల్ రెండూ బీపీని దాదాపు సమానంగానే దించాయి. కానీ పక్షవాతం మాత్రం లోసార్టన్ వాడినవారిలో సుమారు 25 శాతం తక్కువ. 2005లో ఆస్కాట్ అధ్యయనంలోనూ అటెనొలాల్ ఆధారిత చికిత్స కన్నా, ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు ఆధారిత చికిత్సదే పైచేయి. చేతికి పట్టీ కట్టి చూసిన అంకె ఒకటే అయినా, గుండె దగ్గరి పెద్ద ధమనిలో ఒత్తిడి అటెనొలాల్‌తో అంతగా తగ్గడం లేదని మరుసటి ఏడాది తెలిసింది. 2006లో బ్రిటన్ బీటా బ్లాకర్లను బీపీకి ముందుగా రాసే మందుల వరస నుంచి తప్పించింది.

అయితే ఈ తీర్పు చాలావరకు అటెనొలాల్ మీద వచ్చినదే. కొత్త బీటా బ్లాకర్లన్నిటికీ దాన్ని అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం. గుండెపోటు వచ్చినవారికి, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారికి, గుండె దడ ఎక్కువైనవారికి ఈ మందులు ఇప్పటికీ కావాలి. యూరప్ హైపర్‌టెన్షన్ సొసైటీ 2023 మార్గదర్శకాలు వీటిని ప్రధాన బీపీ మందుల జాబితాలోనే ఉంచాయి.

పెద్దనాన్నకు గుండె జబ్బేమీ లేదు, కాబట్టి మార్చారు. అదీ ఒక్కరోజులో కాదు. ఉన్నట్టుండి ఆపేస్తే అణిగి ఉన్న గుండె ఒక్కసారిగా దడదడలాడుతుంది, బీపీ ఎగబాకుతుంది. అందుకే వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ వచ్చారు.