ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలరు?

మా బాబాయికి మొదట చెప్పు జారింది. విజయవాడ వన్ టౌన్‌లో మేడమెట్లు ఎక్కుతుంటే కాలు పైకొచ్చింది గానీ చెప్పు కింద మెట్టు మీదే ఉండిపోయింది. వేళ్ళకు పట్టు పోయింది. పది రోజుల క్రితం విరేచనాలు పట్టుకుని తగ్గాయి. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది? మూడో రోజుకి మంచం దిగలేకపోయారు.

ఆసుపత్రిలో డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు. కాలు కదల్లేదు. "ఊపిరి నిండా పీల్చి, గుక్క తిప్పుకోకుండా లెక్కపెట్టండి" అన్నారు. బాబాయి ఇరవై ఎనిమిది దాకా వెళ్ళారు. మర్నాడు పొద్దున పదిహేడు దగ్గరే ఆగిపోయారు. వెంటనే ఐసీయూకి మార్చారు. "బాగానే మాట్లాడుతున్నారు కదండీ, ఆయాసం కూడా లేదు" అని పిన్ని ఏడ్చింది. కాళ్ళ నుంచి పైకి పాకే బలహీనత ఛాతీ కండరాలను అందుకుంటే, ఆయాసం పైకి కనబడకముందే ప్రమాదం ముదిరిపోతుంది. ఆ లెక్క అందుకే.

జబ్బు పేరు గిలాన్ బారే సిండ్రోమ్, జీబీఎస్. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో కేసులు చేరినప్పుడు మన దగ్గర అందరి నోటా వినబడిన పేరే. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. కలుషిత నీళ్ళు, సరిగా ఉడకని చికెన్ ద్వారా కడుపులో చేరే క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా పైపూతలో ఉండే చక్కెర అణువులు మన నరాల మీది అణువులను పోలి ఉంటాయి. దొంగను పట్టబోయి, అదే రంగు చొక్కా తొడుక్కున్న ఇంటివాణ్ణి చావబాదినట్టు, రోగనిరోధక శక్తి సొంత నరాల మీద పడుతుంది.

ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు ఇది. ఏ ఒక్క ఆసుపత్రికీ మందు పనితనం తేల్చేటంత మంది రోగులు దొరకరు. అందుకే దేశాలు చేతులు కలపాల్సి వచ్చింది. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబులిన్. అది, రోగి రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను తీసేసి వేరేది ఎక్కించే ప్లాస్మా మార్పిడికి తీసిపోదని 1992లో నెదర్లాండ్స్ పరిశోధన చూపింది. 1997లో పలు దేశాల్లో 383 మందిపై జరిగిన ట్రయల్, రెండూ కలిపి ఇచ్చినా అదనపు లాభం పెద్దగా లేదని తేల్చింది. స్టెరాయిడ్లు పనిచేయవని కూడా ట్రయల్సే చెప్పాయి.

అరవై కిలోల మనిషికి రోజుకు 24 గ్రాముల చొప్పున అయిదు రోజులు, మొత్తం 120 గ్రాముల ఇమ్యునోగ్లోబులిన్. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన మందు కాబట్టి ఖరీదు లక్షల్లోకి పోతుంది. అయిదో రోజు దాటినా బాబాయి చెయ్యి లేవలేదు. పొలం అమ్మైనా ఇంకో కోర్సు ఇప్పిద్దామన్నాం. డాక్టరు వద్దన్నారు. రెండో కోర్సుతో మేలు లేదని, పైగా రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువని 2021లో వెలువడిన ఒక ట్రయల్ చెప్పింది. ఎక్కడో ముక్కూ మొహం తెలియని రోగులు ఒప్పుకుని ఆ పరీక్షలో చేరబట్టే మా పొలం మిగిలింది, బాబాయికి ఆ ముప్పూ తప్పింది.

నా మనసు మాత్రం ఢాకా మీదే ఉంది. 2012లో మొదలైన అంతర్జాతీయ అధ్యయనం ఐగాస్ మొదటి వెయ్యిమంది వివరాలు చూస్తే, నరం పైతొడుగు కాక లోపలి తీగే దెబ్బతినే రకం యూరప్, అమెరికాల్లో 6 శాతం, బంగ్లాదేశ్‌లో 36 శాతం. ఎక్కడో తేల్చిన వైద్యం ప్రతిచోటా అచ్చంగా సరిపోతుందని ఎలా అనుకోగలం? అక్కడి వైద్యులు ఖరీదైన యంత్రం లేకుండా, రక్తం తీసి, కణాలు అడుక్కి దిగాక పైన తేలిన ప్లాస్మా పారేసి, కణాలను తిరిగి ఎక్కించే పద్ధతిని 20 మందిపై పరీక్షించారు. అది సురక్షితంగా చేయగలిగినదేనని 2018లో ప్రకటించారు. నరాలపై దాడిని మొదట్లోనే ఆపే ఒక కొత్త మందును కూడా బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్‌లలో 241 మందిపై పరీక్షించారు. ఒక్క మోతాదు తీసుకున్నవాళ్ళు ఎనిమిది వారాలకు మెరుగ్గా కోలుకున్నారని 2024లో ఫలితాలొచ్చాయి.

ఇలాంటి పరీక్షల్లో మన గుంటూరు, విజయవాడ రోగులూ ఉండాలని నా కోరిక. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. దాన్ని మంచం పక్కన కూర్చుని, ఇంటివాళ్ళ భయం తీరేదాకా చదివి వినిపించే మనిషీ ఉండాలి.

నాలుగో నెలలో బాబాయి కర్ర పట్టుకుని ఆ మెట్లెక్కారు. ఒక్కో మెట్టుకీ ఆగి, చెప్పు కాలికే ఉందో లేదో వంగి చూసుకుంటూ.