వద్దన్నది మత బోధన, మతాల చదువు కాదు

ఫణిగిరి గుట్ట ఎక్కితే బౌద్ధ స్తూపం, విహారాల ఆనవాళ్లు కనిపిస్తాయి. కొలనుపాకలో జైన మందిరం ఉంది. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులూ పోతారు. మా ఊళ్లల్లో మొహర్రంకు పీరును ఎత్తుకునేవాళ్లలో చాలామంది ముస్లింలు కారు. ఉమ్మడి నల్లగొండ పిల్లలు ఇన్నిటి మధ్య పెరుగుతారు. బడికి వచ్చేసరికి మాత్రం బౌద్ధమంటే అష్టాంగ మార్గం, బిట్ పేపర్లో ఒక బిట్టు.

నిజాం కాలంలో చదువుకు మతం దూరం కాదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థులకు దీనియాత్ అనే మతపాఠం, మిగతావాళ్లకు అఖ్లాఖియాత్ అనే నీతిపాఠం పెట్టారు. ఎవరి పాఠం వారిదే. పక్క బెంచీవాడి నమ్మకమేమిటో తెలుసుకునే పాఠం ఇద్దరికీ లేదు.

1950లో రాజ్యాంగం వచ్చింది. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడుల్లో మత బోధన ఉండకూడదని 28వ అధికరణం చెప్పింది. సర్కారు సాయం అందుకునే ఎయిడెడ్ బడుల్లో ఉన్నా, మైనరు పిల్లలైతే పెద్దల సమ్మతి లేకుండా కూర్చోబెట్టకూడదంది. ఇందులో ‘బోధన’ అనే మాటే కీలకం. స్టాఫ్‌రూముల్లో అది జారిపోయి, ‘మతం ఊసెత్తితే టెన్షన్’ అన్నదే మిగిలిందని నాకనిపిస్తుంది.

నిజానికి 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్ ఈ తేడాను స్పష్టంగానే చెప్పింది. ఒక మతాన్ని నూరిపోయడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు అంది. ప్రధాన మతాల పరిచయం పాఠాల్లో ఉండాలని కూడా సూచించింది. అది చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది.

2000లో కేంద్ర విద్యా సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన పాఠ్యప్రణాళిక మతాల గురించిన చదువును మళ్లీ ముందుకు తెచ్చింది. విలువల పేరుతో ఒకే మతాన్ని బడిలోకి తెస్తారన్న అనుమానంతో సామాజిక కార్యకర్త అరుణా రాయ్ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పాఠం ఒకటే అయినా, చెప్పే సారును బట్టి అది చరిత్రా కావచ్చు, ప్రవచనమూ కావచ్చు. 2002లో కోర్టు పిటిషన్‌ను కొట్టేసింది. మతాల గురించి చదవడం 28వ అధికరణం వద్దన్న బోధన కిందికి రాదని తేల్చింది.

అయినా మన పదో తరగతిలో మతాల చదువుకు విడిగా సబ్జెక్టు లేదు. ఉన్న కాస్తా సోషల్‌లోనే ఉంది. మిగతాది పిల్లలు పీర్ల కొట్టం దగ్గర, జాతరలో చూసి నేర్చుకుంటున్నారు.